తప్పు ఒకరిది, కోత మరొకరికి

2019 ఆగస్టులో ఒక వాన రాత్రి కోల్‌కతా నగరం నడిబొడ్డున, షేక్‌స్పియర్ సరణి, లౌడన్ వీధి కలిసే కూడలిలో అమిత వేగంతో వచ్చిన ఒక ఖరీదైన కారు మరొక కారును ఢీకొన్నది. ఆ తాకిడికి రెండవ కారు అదుపు తప్పి రోడ్డు పక్కనున్న పోలీసు కియోస్కు మీదికి దూసుకుపోయింది. వానకు అక్కడ తలదాచుకున్న ఇద్దరు బంగ్లాదేశీయులు ప్రాణాలు కోల్పోయారు. నేరం ఎవరిదో, శిక్ష ఏమిటో తేల్చడం న్యాయస్థానం పని. కానీ ఇటువంటి ఒక్క ఘటనలో ఎన్ని రకాల నష్టాలు పెనవేసుకుని ఉంటాయో, వాటిలో ఒక్కొక్కదానికి బీమా ఒక్కొక్క తీరున ఎలా బదులు చెబుతుందో వాహనం ఉన్న ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసి ఉన్నది. చనిపోయినవారి కుటుంబాలకు నష్టం, గాయపడినవారికి నష్టం, ప్రజల సొత్తుకు నష్టం, ఢీకొన్న కారుకు నష్టం, ఏ పాపమూ ఎరుగని రెండవ కారుకు నష్టం - ఇవన్నీ ఒక్క క్షణంలో పుట్టినవే అయినా చట్టం దృష్టిలో వేర్వేరు. చేసినవారికి చేసినంత అన్నది లోకనీతి. మన మోటారు బీమా లెక్కలో మాత్రం ఆ నీతి సగం దారిలోనే ఆగిపోతున్నది.

భారతదేశంలో సాధారణ బీమాకు పుట్టినిల్లు కలకత్తాయే. ట్రైటన్ బీమా కంపెనీ 1850లో ఆ నగరంలోనే వెలసింది. నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ 1906లో అక్కడే ఏర్పడి నేటికీ అక్కడే ప్రధాన కార్యాలయం కలిగి ఉన్నది. 1972 నాటి జాతీయకరణ చట్టంతో 107 బీమా సంస్థలను నాలుగు ప్రభుత్వ సంస్థలుగా కూర్చినప్పుడు వాటిలో ఒకటి కలకత్తాకే దక్కింది. 1999 చట్టంతో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరుచుకున్నాయి. నియంత్రణ సంస్థ అయిన ఐఆర్‌డీఏఐ హైదరాబాద్‌ను తన కేంద్రంగా చేసుకున్నది. బీమా పుట్టిన ఊరు కోల్‌కతా, దానికి కళ్లెం పట్టిన ఊరు మనది. చెన్నై - కోల్‌కతా రహదారి మీద కైకలూరు, భీమవరం ప్రాంతాల చేపలు హౌరా మార్కెట్టుకు నిత్యం తరలిపోతూనే ఉంటాయి. కనుక ఈ చర్చ వంగదేశానికి ఎంత సంబంధించినదో తెలుగువారికీ అంతే సంబంధించినది.

మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా వాహనాన్ని రోడ్డు మీదికి తేరాదు. ఈ నిర్బంధం 1939 చట్టంలోనే ఉన్నది, 1988 చట్టం దానిని కొనసాగించింది. మన వాహనం వల్ల ఇతరులకు కలిగే మరణం, గాయం, ఆస్తి నష్టం ఈ పాలసీ పరిధిలోకి వస్తాయి. మరణానికి, గాయానికి ట్రైబ్యునల్ నిర్ణయించే పరిహారానికి గరిష్ఠ పరిమితి అంటూ లేదు. ఆస్తి నష్టానికి ప్రైవేటు కార్ల విషయంలో సాధారణంగా ఏడున్నర లక్షల రూపాయల వరకు రక్షణ ఉంటుంది. బాధితునికి చెల్లించే సొమ్ములో డిడక్టిబుల్ పేరిట కోత ఉండదు. ఇది ఎంతో న్యాయమైన ఏర్పాటు. డ్రైవర్ లైసెన్సులో లోపమున్నా ముందు బాధితునికి చెల్లించి, ఆ తరువాత యజమాని నుంచి రాబట్టుకోమని బీమా సంస్థను ట్రైబ్యునల్ ఆదేశించవచ్చునని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో స్పష్టం చేసింది. పరిహారం లెక్కలో మృతుని భావి సంపాదనను ఎలా చేర్చాలో 2017లో ప్రణయ్ సేఠీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం నిర్దేశించింది. ఈ రెండు కేసులలోనూ కక్షిదారు కోల్‌కతా కేంద్రంగా గల నేషనల్ ఇన్సూరెన్స్ సంస్థయే కావడం గమనార్హం.

చిక్కంతా సొంత కారుకు జరిగిన నష్టం దగ్గర మొదలవుతుంది. దీనికి ఓన్ డామేజ్ రక్షణ విడిగా తీసుకోవాలి. అది నిర్బంధం కాదు. ఇందులో మొదటి కోత పేరే డిడక్టిబుల్. క్లెయిములో పాలసీదారు తన జేబు నుంచి భరించవలసిన తొలి భాగమన్నమాట. పాత పాలసీ పత్రాలలో దీనినే ఎక్సెస్ అనేవారు. ప్రామాణిక పాలసీ ప్రకారం 1,500 సీసీ వరకు గల ప్రైవేటు కారుకు ఒక్కొక్క క్లెయిముకు 1,000 రూపాయలు, అంతకు మించిన కారుకు 2,000 రూపాయలు నిర్బంధంగా తగ్గిస్తారు. దీనికి తోడు స్వచ్ఛంద డిడక్టిబుల్ ఒకటి ఉన్నది. మరికొంత నష్టం నేనే భరిస్తానని యజమాని ముందే ఒప్పుకుంటే ప్రీమియంలో రాయితీ ఇస్తారు. 2002 నాటి టారిఫ్‌లో 2,500 రూపాయల భారానికి ఓన్ డామేజ్ ప్రీమియంలో 20 శాతం, గరిష్ఠంగా 750 రూపాయలు, 5,000 రూపాయల భారానికి 25 శాతం, గరిష్ఠంగా 1,500 రూపాయలు రాయితీగా నిర్ణయించారు. అంటే 5,000 రూపాయల భారం ఎత్తుకున్నవారు మూడేళ్లకు పైగా ఒక్క క్లెయిమూ చేయకుంటేనే ఆ బేరం గిట్టుబాటు అవుతుంది. 2007 జనవరి నుంచి ప్రీమియం రేట్లు సంస్థల ఇష్టానికి విడిచిపెట్టారు గనుక రాయితీలు సంస్థకొక రీతిగా ఉండవచ్చు. లెక్క వేసుకునే పద్ధతి మాత్రం ఇదే.

డిడక్టిబుల్ అన్న ఆలోచనే తప్పని అనలేము. గోటి గీతకు కూడా క్లెయిము పెడితే, ఆ కాగితాల ఖర్చు నష్టం కంటే పెద్దదవుతుంది. ఆ ఖర్చు చివరకు అందరి ప్రీమియంలోనే చేరుతుంది. కొంత భారం తనమీదా ఉన్నదని తెలిస్తే చోదకుడు జాగ్రత్తగా ఉంటాడన్నది మరొక వాదం. అదీ కాదనలేనిదే. అయితే సగటు పాలసీదారుని దెబ్బతీసేది ఈ వెయ్యి రూపాయలు కాదు. దాని వెనుక దాగి ఉన్న తరుగుదల కోత, బోనస్ నష్టం.

కొత్త భాగం వేసినప్పుడు పాత భాగం అరిగిన మేరకు విలువ తగ్గించడమే తరుగుదల. రబ్బరు, నైలాను, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి, ఎయిర్‌బ్యాగులకు కారు నిన్న కొన్నదైనా సరే 50 శాతం కోత. ఫైబర్ గ్లాస్ భాగాలకు 30 శాతం. అద్దాలకు కోత లేదు. లోహ భాగాలకు కారు వయస్సును బట్టి మొదటి ఆరు నెలలు ఏమీ లేకుండా మొదలై, మూడు నుంచి నాలుగేళ్ల కారుకు 25 శాతం, ఐదు నుంచి పదేళ్ల కారుకు 40 శాతం, ఆపైన 50 శాతం దాకా పెరుగుతుంది. రంగు పని బిల్లులో నాలుగవ వంతును సామగ్రిగా లెక్కించి, అందులో సగం తీసివేస్తారు. కూలికి కోత ఉండదు.

ఈ పట్టిక రూపొందిన నాటికీ నేటికీ కారే మారిపోయింది. కోల్‌కతా పొరుగున ఉత్తర్‌పారాలో తయారై దశాబ్దాల తరబడి దేశాన్నేలిన అంబాసిడర్ కారు బంపరు ఇనుముది. వంగితే సుత్తితో సరిచేసి మళ్లీ బిగించేవారు. ఆ కర్మాగారం 2014 మేలో మూతపడింది. నేటి కార్లలో ముందుగా దెబ్బ తినేది బంపరు, గ్రిల్లు, దీపాల తొడుగులు. అవన్నీ ప్లాస్టిక్‌వే. వాటిని సాగదీసి సరిచేయడం అరుదు, మార్చడమే రివాజు. ఏ భాగాలు తరచుగా పగులుతాయో సరిగ్గా వాటి మీదనే సగం కోత పడుతున్నది. పాత భాగాల వ్యాపారానికి పేరుపడిన మల్లిక్ బజార్ వంటి అంగళ్లు కోల్‌కతాలో ఉన్నా, బీమా కింద మరమ్మతు చేసే వర్క్‌షాపు కొత్త భాగమే వేస్తుంది. పాత దాన్ని పాత ధరకు వేయించుకునే ఎంపిక యజమానికి లేనప్పుడు కొత్త దాని వెలలో సగం అతని నెత్తిన రుద్దడం ఎంతవరకు సబబన్నది ఆలోచించవలసిన విషయం.

ఒక ఉదాహరణ చూద్దాం. మూడేళ్లు దాటి నాలుగవ ఏట నడుస్తున్న 1,200 సీసీ కారును వెనుక నుంచి మరొక వాహనం గుద్దింది. మరమ్మతు బిల్లు 60,000 రూపాయలు. అందులో ప్లాస్టిక్ భాగాలు 20,000, లోహ భాగాలు 16,000, అద్దం 6,000, కూలి 10,000, రంగు 8,000. తరుగుదల కింద ప్లాస్టిక్‌లో 10,000, లోహంలో 4,000, రంగులో 1,000, మొత్తం 15,000 రూపాయలు పోతాయి. మిగిలిన 45,000లో నిర్బంధ డిడక్టిబుల్ 1,000 తీసివేస్తే బీమా సంస్థ చెల్లించేది 44,000 రూపాయలు. 5,000 రూపాయల స్వచ్ఛంద భారాన్ని కూడా ఒప్పుకుని ఉంటే 39,000 మాత్రమే. యజమాని చేతి నుంచి పడేది మొదటి సందర్భంలో 16,000, రెండవ సందర్భంలో 21,000.

అసలు దెబ్బ మరుసటి ఏడాది పాలసీ పునరుద్ధరణ వేళ పడుతుంది. క్లెయిము లేని ఏడాదికి 20 శాతం, వరుసగా రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం చొప్పున ఓన్ డామేజ్ ప్రీమియంలో ఇచ్చే రాయితీయే నో క్లెయిమ్ బోనస్. ఒక్క క్లెయిముతో అది శూన్యానికి దిగి, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కవలసి వస్తుంది. పై ఉదాహరణలోని యజమాని ఓన్ డామేజ్ ప్రీమియం ఏటా 10,000 రూపాయల చొప్పున మారకుండా ఉన్నదనుకుందాం. క్లెయిము లేకుంటే అతనికి వచ్చే ఏడు 45 శాతం, ఆ తరువాత ప్రతి ఏటా 50 శాతం బోనస్ దక్కేది. క్లెయిము చేసినందువల్ల వరుసగా 4,500, 3,000, 2,500, 1,500, 500, వెరసి ఐదేళ్లలో 12,000 రూపాయలు అదనంగా చెల్లిస్తాడు. దీనిని 16,000కు కలిపితే 28,000 రూపాయలు. ఆగి ఉన్న కారును వెనుక నుంచి వచ్చి గుద్దినవాని తప్పుకు, బీమా ప్రీమియం క్రమం తప్పక కట్టిన నిర్దోషి భరించేది 60,000లో దాదాపు సగం. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే ఇదే కాదూ!

ఈ లెక్కలోనే పాలసీదారులకు పనికివచ్చే పాఠం కూడా ఉన్నది. బంపరుకు మాత్రమే దెబ్బ తగిలి, ప్లాస్టిక్ 5,000, రంగు 2,000, కూలి 1,000 చొప్పున 8,000 రూపాయల బిల్లు అయిందనుకుంటే, కోతలన్నీ పోను బీమా సంస్థ ఇచ్చేది 4,250 రూపాయలు. ఆ సొమ్ము కోసం ఐదేళ్లలో 12,000 రూపాయల బోనస్ పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. ఎక్కువ బోనస్ పోగుచేసుకున్నవారు చిన్న మరమ్మతులు సొంతంగా చేయించుకోవడమే మేలు. మరికొందరు పాత గీతలు, పాత సొట్టలు పోగుచేసి కొత్త ప్రమాదం ఖాతాలో వేయాలని చూస్తుంటారు. వేర్వేరు ప్రమాదాలు వేర్వేరు క్లెయిములే, ఒక్కొక్కదానికి డిడక్టిబుల్ కూడా విడివిడిగానే వర్తిస్తుంది. దెబ్బ తీరుకు, చెప్పిన కథకు పొంతన లేకపోతే సర్వేయర్ పట్టుకుంటాడు, అసలు క్లెయిమే సందేహంలో పడుతుంది.

తరుగుదల కోతను తప్పించే జీరో డిప్రిసియేషన్ వంటి అదనపు రక్షణలు ఉన్నవి. అదనపు ప్రీమియం కడితే పైన చెప్పిన 15,000 రూపాయల కోత తప్పుతుంది. నిర్బంధ డిడక్టిబుల్, బోనస్ నష్టం మాత్రం తప్పవు. బోనస్ కాపాడుకునేందుకు మరొక అదనపు రక్షణ కొనాలి. మరమ్మతు ఖర్చు బీమా చేసిన విలువలో 75 శాతం దాటితే కారును పూర్తి నష్టంగా పరిగణిస్తారు. ఆ విలువ కారు వయస్సుతో పాటు తగ్గుతూ వస్తుంది. ఆరు నెలల లోపు 5 శాతం తగ్గింపుతో మొదలై నాలుగు నుంచి ఐదేళ్ల కారుకు 50 శాతం దాకా తరుగుతుంది. ప్రీమియం తగ్గుతుందని ఈ విలువను తక్కువగా రాయించుకునేవారు ప్రమాదం జరిగిన నాడే తమ పొరపాటు తెలుసుకుంటున్నారు.

కోల్‌కతా వంటి నగరాలకు మరొక ముప్పు ఉన్నది. 2020 మే నెలలో అంఫాన్ తుఫాను నగరంలో వేలాది చెట్లను కూల్చినప్పుడు వాటి కింద కార్లు నుజ్జయ్యాయి. 2025 సెప్టెంబరు 23న దుర్గాపూజల ముంగిట ఇరవై నాలుగు గంటల్లో 250 మిల్లీమీటర్లకు పైగా కురిసిన వాన నగరాన్ని ముంచెత్తి పలువురిని బలిగొన్నది. తుఫాను, వరదల నష్టం ఓన్ డామేజ్ పాలసీలో కలిసే ఉంటుంది. అయితే నీటిలో మునిగిన కారును స్టార్ట్ చేసినందువల్ల ఇంజన్ పాడైతే, అది వరద నష్టం కాదు, యజమాని చర్య వల్ల కలిగిన పర్యవసానం అని బీమా సంస్థలు నిరాకరిస్తుంటాయి. ఇంజన్ రక్షణ అనే అదనపు రక్షణ లేనివారికి ఈ ఒక్క పొరపాటు లక్షల ఖర్చు తెచ్చిపెడుతుంది. నీట మునిగిన కారు తాళం తిప్పకుండా, బ్యాటరీ కనెక్షన్ తీయించి, వర్క్‌షాపుకు లాగించుకుపోవడమే శ్రేయస్కరం. విశాఖ, విజయవాడ, హైదరాబాద్ నగరాల వాసులకూ ఇది వర్తించే హెచ్చరికే.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారు మరింత జాగరూకులై ఉండాలి. కారు చేతులు మారినప్పుడు థర్డ్ పార్టీ రక్షణ చట్టరీత్యా కొత్త యజమానికి సంక్రమిస్తుంది గాని, ఓన్ డామేజ్ రక్షణ తనంత తాను సంక్రమించదని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. పద్నాలుగు రోజుల లోపు బీమా సంస్థకు తెలియజేసి పాలసీ తన పేర మార్పించుకోనివారు ప్రమాదం జరిగాక ఎంత మొత్తుకున్నా ఫలితముండదు. సరకు లారీల యజమానులకు మరొక మెలిక ఉన్నది. అదనపు ప్రీమియం కట్టకపోతే దీపాలు, టైర్లు, మడ్‌గార్డులు, బంపర్లు, రంగు మొదలైనవి విడిగా దెబ్బతిన్నప్పుడు పాలసీ పరిధిలోకి రావు. బాధితుడు తాను నివసించే చోటి ట్రైబ్యునల్‌లోనే దావా వేయవచ్చు గనుక బెంగాలులో జరిగిన ప్రమాదానికి భీమవరం లారీ యజమాని బెంగాలు ట్రైబ్యునల్ ఎదుట హాజరు కావలసి రావచ్చు. కాగితాలు సక్రమంగా ఉంటే ఆ భారం బీమా సంస్థ మోస్తుంది, లేకుంటే ఇల్లు గుల్లవుతుంది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత సర్వేయర్ల విషయంలో తరచుగా వినిపిస్తుంటుంది. బీమా చట్టం 64 యూఎం సెక్షన్ కింద లైసెన్సు పొందిన సర్వేయర్ నష్టాన్ని అంచనా కడతాడు. అతని నివేదిక ముఖ్యమైనదే గాని తిరుగులేనిది కాదని సుప్రీంకోర్టు 2009లో ప్రదీప్ కుమార్ కేసులో చెప్పింది. 2024లో ఐఆర్‌డీఏఐ జారీ చేసిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిము తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, 15 రోజుల్లో అతని నివేదిక రాబట్టాలి, అది అందిన 7 రోజుల్లో సంస్థ తన నిర్ణయం చెప్పాలి. ఈ గడువులు కాగితానికే పరిమితం కాకూడదు. న్యాయం జరగలేదనుకున్నవారు ముందుగా సంస్థకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, అప్పటికీ తృప్తి లేకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండా ఆశ్రయించవచ్చు. వినియోగదారుల కమిషన్ తలుపు కూడా తెరిచే ఉన్నది. కోల్‌కతాలోనూ, హైదరాబాద్‌లోనూ అంబుడ్స్‌మన్ కార్యాలయాలు ఉన్నాయి. ప్రమాద స్థలంలో ఫొటోలు తీయడం, ఎదుటి వాహనం నంబరు, బీమా వివరాలు రాసుకోవడం, పోలీసు స్టేషన్‌లో నమోదు చేయించడం, సర్వేయర్ చూడక మునుపు మరమ్మతు మొదలుపెట్టకపోవడం - ఇంతపాటి జాగ్రత్త తీసుకుంటే సగం వివాదాలు పుట్టవు.

అయితే జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటే సమస్య తీరదు. నిర్దోషిపై పడే కోతకు పరిష్కారం ఏమిటి? చట్టం ప్రకారం అతడు తప్పు చేసినవాని నుంచి, అతని బీమా సంస్థ నుంచి తన నష్టం రాబట్టుకోవచ్చు. మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కు ఆస్తి నష్టం విచారించే అధికారం ఉన్నది. కాని 16,000 రూపాయల కోసం వకీలును పెట్టుకుని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగేవారెందరు? అందుకే రోడ్డు మీదనే కేకలు, బేరాలు, దౌర్జన్యాలు. గొంతు పెద్దగా ఉన్నవాడే గెలుస్తున్నాడు. ఆ ధైర్యం లేనివాడు తన పాలసీ మీదనే క్లెయిము పెట్టుకుని, తన బోనస్ తానే పోగొట్టుకుంటున్నాడు. రాయితీ పేరు నో క్లెయిమ్ బోనస్ గాని తప్పు చేయనివారికిచ్చే బోనస్ కాదు. ఈ మాటలోనే అన్యాయమంతా ఇమిడి ఉన్నది.

ఇతర దేశాలు ఈ ముడి ఎప్పుడో విప్పాయి. ఫ్రాన్సులో ప్రమాదం జరిగిన చోటనే ఇద్దరు డ్రైవర్లూ ఒకే పత్రం నింపి సంతకాలు చేస్తారు. ఎవరి బీమా సంస్థ వారికి చెల్లించి, తప్పు ఎవరిదో నిర్ణీత పట్టిక ప్రకారం సంస్థలే తమలో తాము తేల్చుకుంటాయి. అమెరికాలో నిర్దోషికి చెల్లించిన సంస్థ దోషి సంస్థ నుంచి సొమ్ము రాబట్టి, డిడక్టిబుల్‌ను కూడా పాలసీదారుకు తిరిగి ఇప్పించే ఆనవాయితీ ఉన్నది. మన దేశంలో మాత్రం ఎవరి కారు నష్టం వారి సంస్థే భరించే పద్ధతి వేళ్లూనుకున్నది. ఆ పద్ధతి సంస్థల మధ్య వ్యాజ్యాలను తగ్గించింది, నిజమే. కానీ అందువల్ల మిగిలిన శ్రమకు మూల్యం చెల్లిస్తున్నది పాలసీదారుడు.

బీమా సంస్థల కష్టాలను విస్మరించాలని చెప్పడం లేదు. ప్రభుత్వరంగ సంస్థలు మూడింటిని నిలబెట్టడానికి 2020 జూలైలో కేంద్ర మంత్రివర్గం 12,450 కోట్ల రూపాయల మూలధనానికి ఆమోదం తెలపవలసి వచ్చింది. వాటిలో నేషనల్ ఇన్సూరెన్స్ కూడా ఒకటి. ఉబ్బించిన బిల్లులు, దొంగ క్లెయిములు సంస్థలను పీల్చుతున్న మాటా వాస్తవమే. కాని నిర్దోషికి న్యాయం చేస్తే మొత్తం నష్టం పెరగదు. అది ఒక సంస్థ ఖాతా నుంచి మరొక సంస్థ ఖాతాకు, తప్పు చేసినవాని వైపుకు మారుతుందంతే. అజాగ్రత్తగా నడిపేవాని ప్రీమియం పెరిగి, జాగ్రత్తపరుని ప్రీమియం తగ్గితే డిడక్టిబుల్ ఏ క్రమశిక్షణ కోసం పుట్టిందో అది నిజంగా సిద్ధిస్తుంది.

కాగా మరొక పెద్ద అడ్డంకి ఉన్నది. దేశంలో రోడ్ల మీద తిరిగే వాహనాలలో సగానికి మించినవాటికి బీమాయే లేదని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2024లో ఎత్తిచూపింది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ల, ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమాను సుప్రీంకోర్టు తప్పనిసరి చేసినా ఆ గడువు తీరాక పునరుద్ధరించనివారు కోకొల్లలు. బీమా లేకుండా నడిపితే తొలి తప్పుకు జరిమానా 2,000 రూపాయలు, మూడు నెలల వరకు జైలు. అమలు చేసే నాథుడు లేనప్పుడు జరిమానా అంకె ఎంత ఉండి ఏం లాభం? ఒక్క 2022లోనే రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించిన దేశంలో ఈ ఉదాసీనత క్షంతవ్యం కాదు.

చేయవలసిన పనులు దుస్సాధ్యమైనవి కావు. ఎదుటివాని తప్పు రుజువైన సందర్భాలలో నిర్దోషి డిడక్టిబుల్‌ను తిరిగి ఇప్పించి, అతని బోనస్‌ను యథాతథంగా కొనసాగించేలా సంస్థల మధ్య పరిష్కార వ్యవస్థను ఐఆర్‌డీఏఐ నెలకొల్పాలి. అందుకు ప్రమాద స్థలంలోనే నింపదగిన ఉమ్మడి పత్రాన్ని ప్రాంతీయ భాషలలో ప్రవేశపెట్టాలి. వాహన రిజిస్ట్రేషన్ల సమాచారం, ప్రమాదాల ఎలక్ట్రానిక్ నమోదు ఇప్పటికే ఉన్నాయి. బీమా సమాచార సంస్థ హైదరాబాద్‌లోనే ఉన్నది. వీటిని జోడించడం సంకల్పముంటే కష్టమేమీ కాదు. ఇనుప బంపర్ల నాటి తరుగుదల ఆలోచనను నేటి కారుకు తగినట్టు సవరించాలి. పాలసీ మొదటి పుటలోనే ఏ భాగానికి ఎంత కోతో, క్లెయిము చేస్తే బోనస్ ఎంత పోతుందో ఒక ఉదాహరణతో సహా కొనుగోలుదారుని భాషలో అచ్చువేయాలి.

ప్రమాదం ఎవరూ కోరి తెచ్చుకునేది కాదు. దాని భారాన్ని పదిమందికి పంచి, ఒక్కరి నడుము విరగకుండా చూడడానికే బీమా పుట్టింది. తప్పు చేసినవాడు నిశ్చింతగా పోతూ, తప్పు చేయనివాడు కోతల లెక్కలు కట్టుకుంటూ కూర్చునే ఏర్పాటును ఇంకా ఎంతకాలం బీమా అని పిలుద్దాం? నూట డెబ్బై అయిదేళ్ల కిందట కలకత్తాలో మొదలైన ఈ ప్రయాణానికి హైదరాబాద్‌లోని నియంత్రణ సంస్థ ఇప్పటికైనా సరైన దారి చూపాలి.